ఏ గ్రూపు అని అడిగే ముందు

పదవ తరగతి పరీక్షలు ఇంకా మొదలు కాకముందే మా వీధిలో కొత్త ముఖాలు కనబడతాయి. చేతిలో రంగురంగుల కరపత్రాలు, భుజాన సంచి, నోటినిండా ర్యాంకుల లెక్కలు. వీరిని పి.ఆర్.ఓ.లు అంటారు. ఏ ఇంట్లో పదవ తరగతి పిల్లలున్నారో, తండ్రి సంపాదన ఎంతో, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వీరికి ముందే తెలుసు. ఈమధ్య మా పక్కింటికి వచ్చిన యువకుడొకడు అరగంట మాట్లాడి, అడ్వాన్సు పుచ్చుకొని, రసీదు చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆ అరగంటా పిల్లవాడు గుమ్మానికి చేరగిలబడి నిలుచునే ఉన్నాడు. వాడినెవరూ ఒక్క మాట కూడా అడగలేదు.

సాయంత్రం పక్కింటాయన నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, మావాణ్ణి ఎం.పి.సి.లో వేశామండి, మంచిదే కదా?" అన్నారు.

"వాడేమన్నాడు?" అన్నాను.

"వాడికేం తెలుసండీ, చిన్నపిల్లాడు!"

నాకు ఆయన మీద కోపం రాలేదు. అదే మాట ఒకప్పుడు నా నోటినుండి కూడా వచ్చింది. ఆ సంగతి చెప్పుకొనడానికే ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

నేను 1984లో తెలుగు పండితుడిగా ఉద్యోగంలో చేరి, 2018లో పదవీ విరమణ చేశాను. ఆ ముప్పైనాలుగేళ్ళలో అధికభాగం గోదావరి డెల్టాలోని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలోనే గడిచింది. పేరుకు తెలుగు పండితుడినే అయినా, చాలా ఏళ్ళు పదవ తరగతికి క్లాసు టీచరుగా కూడా ఉన్నాను.

1996లో అనుకుంటాను, నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. తండ్రి తాపీమేస్త్రి. "నా ఆదివారం" అన్న అంశం మీద వ్యాసం వ్రాయమంటే, ఆ అమ్మాయి తండ్రితో పనిలోకి వెళ్ళి టేపు పట్టుకున్న సంగతి వ్రాసింది. గోడ పొడవూ ఎత్తూ చెబితే ఎన్ని ఇటుకలు పడతాయో నోటిలెక్కగా కట్టగలనని వ్రాసింది. గది కొలతలు చెబితే మనసులోనే ఆ గది కనబడుతుందని కూడా వ్రాసింది. నేను ఎర్రసిరాతో ఒత్తులు, దీర్ఘాలు దిద్ది, పదికి ఎనిమిది మార్కులు వేసి ఇచ్చేశాను.

ఫలితాలు వచ్చాక తండ్రి టి.సి. కోసం వచ్చి, ఏం చదివించమంటారని అడిగాడు. "సైన్సు బొమ్మలు చక్కగా వేస్తుంది, బై.పి.సి.లో చేర్పించవయ్యా, డాక్టరవుతుంది" అన్నాను. అతడు కూతురి వైపు తిరిగి "ఏమ్మా?" అన్నాడు. ఆ పిల్ల నోరు తెరిచేలోపే నేను, "దానికేం తెలుసు, చిన్నపిల్ల" అనేశాను. ఆ పిల్ల తల దించుకుంది. చదువుకున్న పంతులుగారి మాట కనుక తండ్రి దానికి తిరుగు లేదనుకున్నాడు.

ఇంటర్మీడియట్ బాగానే పాసయింది. వైద్యకళాశాలలో సీటు రాలేదు. అప్పుచేసి ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగు ఇప్పించారు. అప్పుడూ రాలేదు. తరువాత బి.ఎస్సీ. చదివింది, పెళ్ళయింది. కొన్నేళ్ళకు బస్టాండులో నన్ను గుర్తుపట్టి పలకరించింది. ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతున్నానంది. మాటల మధ్యలో, "మా నాన్న కట్టే ఇళ్ళకు ప్లాన్లు గీసే అబ్బాయి పాలిటెక్నిక్ చదివాడట మాస్టారూ. పదవ తరగతి అవగానే దానికొక ప్రవేశపరీక్ష ఉంటుందట. అప్పుడు మీకు తెలుసా?" అని అడిగింది. నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను.

ఆ అమ్మాయి జీవితం పాడయిందని నేననను. అలా అంటే, పాఠం బాగా చెబుతుందని పేరు తెచ్చుకున్న ఉపాధ్యాయురాలిని అవమానించినట్లే. కానీ ఒక ఏడాది కాలమూ, ఒక మేస్త్రి తీర్చిన అప్పూ నా అజ్ఞానానికి కట్టిన మూల్యం. తెలియకపోవడం దోషం కాకపోవచ్చు. తెలియదని ఒప్పుకొనకుండా తీర్పు చెప్పడం దోషమే. పైగా ఆ పిల్ల తన మనసులోని మాట చెప్పనే చెప్పింది. వ్యాసం రూపంలో నా చేతికే ఇచ్చింది. నేను అందులో అక్షరదోషాలు మాత్రమే చూశాను.

పదిహేనేళ్ళ వయసులో తీసుకునే ఈ నిర్ణయం ఎంత బరువైనదో మనం గుర్తించడం లేదు. బై.పి.సి. తీసుకున్నవాడికి గణితంతో తెగతెంపులవుతాయి, ఇంజనీరింగు శాఖలు చాలావరకు మూసుకుపోతాయి. ఎం.పి.సి. తీసుకున్నవాడికి వైద్యం దూరమవుతుంది. ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ విద్యలో గణితమూ జీవశాస్త్రమూ రెండూ చదువుకునే వీలు 2025లో గాని రాలేదు. కొన్ని ద్వారాలు మాత్రం అందరికీ తెరిచే ఉంటాయి. ఐదేళ్ళ న్యాయవిద్యకైనా, చార్టర్డ్ అకౌంటెన్సీకైనా ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు చదివినా అడ్డులేదు. ఏది మూసుకుపోతుందో, ఏది తెరిచి ఉంటుందో చెప్పకుండా "ఏ గ్రూపు?" అని అడగడం, ఊరి పేరు చెప్పకుండా బస్సెక్కమనడం వంటిది.

అసలు పదవ తరగతి తరువాత ఎన్ని దారులున్నాయో ఎందరు తల్లిదండ్రులకు తెలుసు? మూడేళ్ళ పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. అది పూర్తిచేసి ఈసెట్ వ్రాస్తే బి.టెక్. రెండవ సంవత్సరంలోనే నేరుగా చేరవచ్చు. వ్యవసాయ పాలిటెక్నిక్‌లున్నాయి. ఐ.టి.ఐ.లున్నాయి, ఒకేషనల్ ఇంటర్మీడియట్ ఉంది. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో ట్రిపుల్ ఐటీలు ఆరంభమయ్యాయి. పదవ తరగతి మార్కుల మీద చేరినవారు అక్కడే ఆరేళ్ళు చదివి బి.టెక్. పట్టాతో బయటకు వస్తారు. వీటి గురించి చెప్పడానికి ఏ పి.ఆర్.ఓ.యూ మన గుమ్మం తొక్కడు. అతడికి అందులో కమీషను లేదు.

"పిల్లలకేం తెలుసు, స్నేహితుడు ఎందులో చేరితే అందులోనే చేరతానంటారు" అని పెద్దలంటారు. అది నిజమే. నేనూ చూశాను. అయితే తెలియనివాడికి తెలియజెప్పడమే కదా పెద్దవాడి పని? తెలియదు కనుక అడగనవసరం లేదన్న తర్కాన్ని బడిలో పాటిస్తే, మేము ఏ పిల్లవాణ్ణీ ఏ ప్రశ్నా అడగనక్కరలేదు. అడగడమంటే వాడి మాటే శాసనమని కాదు. వాడి మాట కూడా లెక్కలోకి రావాలని.

బస్టాండులో ఆ మాట విన్న తరువాతి ఏడాది నుండి, పదవీ విరమణ దాకా, నాకు చేతనైనంత చేశాను. తొమ్మిదవ తరగతి అర్ధసంవత్సర పరీక్షలు కాగానే ఒక నోటుపుస్తకంలో ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క పుట కేటాయించేవాణ్ణి. "చెప్పకుండానే నీవు చేసే పని ఏది?" అని ఒక వ్యాసం వ్రాయించి, ఈసారి ఎర్రసిరా పక్కన పెట్టి చదివేవాణ్ణి. ప్రవేశ ప్రకటనలనే పాఠంగా చెప్పేవాణ్ణి. అర్హత ఏమిటి, ఆఖరు తేదీ ఎప్పుడు, రుసుము ఎంత, జతపరచవలసిన కాగితాలు ఏవి, ఇవి పిల్లలే వెదికి చెప్పాలి. పరీక్షల పేర్లు బట్టీపట్టిస్తే లాభం లేదు. ఎంసెట్ అన్న పేరే ఆంధ్రప్రదేశ్‌లో 2021లోనూ, తెలంగాణలో 2024లోనూ ఈఏపీసెట్‌గా మారిపోయింది. పేర్లు మారతాయి, ప్రకటనను చదివి అర్థం చేసుకునే నేర్పు మాత్రం మిగులుతుంది. అది భాషాబోధకుడి పనే.

కాగితాల విషయం చిన్నదిగా కనిపిస్తుంది కాని, చిన్నది కాదు. పదవ తరగతి మార్కుల జాబితాలోని పేరూ, ఇంటిపేరూ, పుట్టినతేదీ జన్మంతా వెంట వస్తాయి. నామినల్ రోల్స్ పంపేటప్పుడే తండ్రిని పిలిచి సరిచూపించాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, స్టడీ సర్టిఫికెట్లు వేసవిలోనే సిద్ధం చేసుకోవాలి. కౌన్సెలింగు నాడు పరుగెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. తల్లిదండ్రులచేత మొదటి ఏడాది ఫీజు ఒక్కటే కాక, చదువు ముగిసేదాకా అయ్యే హాస్టలు, పుస్తకాలు, ప్రయాణాలు అన్నీ ఒక కాగితం మీద కూడికలు వేయించేవాణ్ణి. ఆ కూడిక చూసి కొందరు ప్రభుత్వ జూనియర్ కళాశాల వైపు తిరిగారు.

వీటివలన అందరికీ మేలు జరిగిందని గొప్ప చెప్పుకోను. ఇంత చేసినా స్నేహితుడి వెంట పోయినవారున్నారు. ఉత్తీర్ణత శాతం పడిపోతుందేమోనని నా పీరియడు లెక్కల మాస్టారికి ఇచ్చేయమన్న పై అధికారులూ ఉన్నారు. కానీ, నన్నెవరూ అడగలేదే అన్న మాట నా తరగతి నుండి రాకూడదనుకున్నాను.

ఇది చదువుతున్న మిత్రులలో ఇంజనీర్లున్నారు, వైద్యులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, దేశాంతరాలలో స్థిరపడినవారున్నారు. ఈ దారుల సంగతి ఈ పండితుడికంటె మీకే బాగా తెలుసు. పండుగకు ఊరికి వచ్చినప్పుడు మీరు చదివిన బడికి వెళ్ళి, ప్రధానోపాధ్యాయుణ్ణి ఒక్క పీరియడు అడగండి. మీ విజయగాథ వద్దు. మీ ఉద్యోగంలో ఉదయం నుండి సాయంత్రం దాకా ఏం చేస్తారో చెప్పండి. మీరు తప్పిన పరీక్ష గురించి కూడా చెప్పండి. ఆ తరువాత పిల్లలను మాట్లాడనివ్వండి.

పక్కింటి పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. మరునాడు వాణ్ణి పిలిచి, "నీకేం చదవాలని ఉందిరా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "రేపు చెబుతానండి" అని వెళ్ళిపోయాడు. అన్నట్లే వచ్చాడు, రెండు ప్రశ్నలతో. "పాలిటెక్నిక్‌లో మోటార్ల గురించి చెబుతారా?" అన్నది ఒకటి. "నాన్న కట్టిన అడ్వాన్సు తిరిగి ఇస్తారా?" అన్నది రెండవది.

మొదటిదానికి మెకానికల్, ఆటోమొబైల్ శాఖలున్నాయని చెప్పాను. రెండవదానికి, "నాకు తెలియదురా, మీ నాన్ననూ తీసుకొని ముగ్గురమూ వెళ్ళి కనుక్కుందాం పద" అన్నాను.