కంట్రీ అంటే మొహం చిట్లించేవారికి

"అన్ని రకాల సంగీతమూ వింటాను, ఒక్క కంట్రీ తప్ప." అమెరికాలో నాలుగు రోజులు ఉన్నవారెవరైనా ఈ మాట వినే ఉంటారు. తన అభిరుచి విశాలమైనదని చాటుకుంటూనే దానికో కంచె వేసుకునే వాక్యమిది. నాకూ ఏళ్ల తరబడి కంట్రీ సంగీతమంటే పడదు. ఇటీవల విల్లీ నెల్సన్ పాడిన 1975 నాటి ఆల్బం "రెడ్ హెడెడ్ స్ట్రేంజర్"ను మెచ్చుకునేసరికి, నేను మతం మార్చుకున్నానని మిత్రులు వేళాకోళం మొదలుపెట్టారు. మార్చుకోలేదు. నా అయిష్టానికి గల కారణాలు నిన్నా ఉన్నాయి, నేడూ ఉన్నాయి. ఆ కారణాలనే ఈ ఆల్బం నాకంటే గట్టిగా చెబుతోంది, అంతే.

నాకు పడనిదేమిటి? ప్రతి దుఃఖం వెనుకా ఒక వయొలిన్ల దండు, ప్రతి చరణం చివరా తేనె పూసిన బృందగానం. ఇవి పల్లెనుంచి వచ్చినవి కావు. 1950ల చివర రాక్ అండ్ రోల్ ధాటికి తట్టుకోవడానికి నాష్‌విల్ నగరంలో చెట్ అట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ వంటి నిర్మాతలు ఫిడిల్‌నూ స్టీల్ గిటార్‌నూ వెనక్కి నెట్టి, పట్నవాసపు శ్రోతల కోసం ఈ హంగులు చేర్చారు. దానికి "నాష్‌విల్ సౌండ్" అని పేరు. అందులోనూ మేలిమి పాటలు లేకపోలేదు. నెల్సన్ రాయగా పాట్సీ క్లైన్ 1961లో పాడిన "క్రేజీ" అటువంటిదే. కానీ ఒకరి గొంతుకు నప్పిన అలంకారం అందరికీ తప్పనిసరి యూనిఫాం అయినప్పుడు ఏం మిగులుతుంది?

ఇక ఆ పేరు సంగతి. అమెరికా దక్షిణాది పల్లెల్లో నల్లవారూ తెల్లవారూ ఒకరి పాటలు ఒకరు నేర్చుకున్నారు. కంట్రీకి గుర్తుగా చెప్పుకునే బాంజో మూలాలు ఆఫ్రికావి. 1920లలో రికార్డు కంపెనీలు వచ్చి ఈ ఉమ్మడి ఆస్తిని రెండు అరల్లో సర్దాయి: నల్లవారివి "రేస్" రికార్డులు, తెల్లవారివి "హిల్‌బిల్లీ" రికార్డులు. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక పేర్లు మార్చి ఒకదాన్ని "రిథమ్ అండ్ బ్లూస్" అనీ, మరొకదాన్ని "కంట్రీ అండ్ వెస్టర్న్" అనీ అంది. బోర్డు మారింది గానీ గోడ కదలలేదు. కంట్రీ విననని ప్రతిజ్ఞ పూనేవారు కొట్టువాడు అతికించిన చీటీని చూసి చెవులు మూసుకుంటున్నారు. "అసలు సిసలు కంట్రీ" అంటూ రొమ్ము విరుచుకునే అభిమానులు అదే చీటీని నెత్తిన పెట్టుకుంటున్నారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు.

నెల్సన్ ఆ హంగుల కిందే దాదాపు పదేళ్లు నలిగాడు. 1972లో నాష్‌విల్‌కు దండం పెట్టి టెక్సాస్‌లోని ఆస్టిన్ చేరుకున్నాడు. రికార్డింగు విషయంలో తన మాటే చెల్లేలా కొలంబియా కంపెనీతో ఒప్పందం రాయించుకున్నాడు. ఈ ఆల్బం రికార్డయింది డాలస్ పక్కనున్న గార్లండ్‌లో, అంటే ఈనాడు మన తెలుగువారు వేల సంఖ్యలో కాపురముంటున్న చోటికి కూతవేటు దూరంలో. ఒక నైలాన్ తీగల గిటారు, అక్క బాబీ నెల్సన్ పియానో, మికీ రాఫెల్ హార్మోనికా, మరికొద్ది వాద్యాలు. కంపెనీ పెద్దలు విని, ఇది చిత్తుప్రతి అనుకున్నారు. ఒప్పందం ఉంది కనుక విడుదల చేయక తప్పలేదు. ఫ్రెడ్ రోజ్ 1940లలో రాసిన "బ్లూ ఐస్ క్రయింగ్ ఇన్ ద రెయిన్" ఇందులో ఉంది. గాయకుడిగా నెల్సన్‌కు కంట్రీ పట్టికలో మొదటి స్థానం దక్కించిన తొలి పాట అదే.

మరి కథ? భార్య వేరొకరితో వెళ్లిపోతే ఒక బోధకుడు ఆ ఇద్దరినీ కాల్చి చంపుతాడు. గుర్రమెక్కి దేశాలు పట్టిపోతాడు. దారిలో తన గుర్రంపై చెయ్యి వేసిన మరొక స్త్రీనీ చంపుతాడు. చివరకు అతనికి కొత్త ప్రేమ, ప్రశాంతత. చచ్చిన ఆడవాళ్లకు పేర్లయినా లేవు. ఇది మగవాడి పక్షాన రాసిన కథ అని ఎవరైనా అంటే నేను కాదనను. అయితే ఇదే కథకు వయొలిన్లు తోడయి ఉంటే? హంతకుడి కోసం మన చేత కన్నీళ్లు పెట్టించి ఉండేవి. నెల్సన్ గొంతు ఆ పని చేయదు. హత్యను కూడా వాతావరణం చెప్పినట్టు చెబుతుంది. పాటకూ పాటకూ నడుమ మిగిలిన నిశ్శబ్దంలో తీర్పు చెప్పుకోవలసిన బరువు మన మీద పడుతుంది. పొదుపు ఇక్కడ సింగారం కాదు, నిజాయితీ. ఏం అనుభవించాలో ముందే నిర్ణయించి వడ్డించే సంగీతం శ్రోతను పసివాడిగా చూస్తుంది. ఇది పెద్దవాడిగా చూస్తుంది.

కనుక అయిష్టపడండి, నిక్షేపంగా అయిష్టపడండి. కానీ దేన్నో తేల్చుకోండి. చక్కెర పాకమా? నాకూ వెగటే. దక్షిణాది యాసా, బీదవాడి బూట్లా? అయితే అది సంగీత విమర్శ కాదు, కులాసాగా చెలామణి అవుతున్న చిన్నచూపు. దాన్ని అభిరుచి అనే పెద్ద పేరుతో పిలవకండి. ఈ ఆల్బం మొత్తం నిడివి అరగంటకు కాస్త ఎక్కువ. విన్న తరువాత కూడా నచ్చకపోతే ఆ మాట చెప్పే హక్కు మీకుంది. వినకుండా చెప్పే హక్కు మాత్రం లేదు.