ఫారం ఒకటే, బ్రౌజర్‌కో తీరు

సుల్తాన్ బజార్ నుండి నారాయణగూడ మీదుగా అశోక్ నగర్ దాకా నడిచి వెళితే జిరాక్స్ దుకాణమో నెట్ సెంటరో లేని వీధి అరుదుగా కనిపిస్తుంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువకులు, స్కాలర్‌షిప్ గడువు ముంచుకొస్తున్న విద్యార్థినులు, షాదీ ముబారక్ కోసం కాగితాల సంచీ పట్టుకొని తిరిగే తల్లిదండ్రులు, వీరందరి పనీ చివరకు అక్కడి కంప్యూటర్ తెర మీదనే తేలవలసి ఉంటుంది. ఆ సెంటర్లలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఇందులో పోవడం లేదు, వేరే బ్రౌజర్‌లో చూద్దాం." చెప్పేవారికి అది రోజువారీ మాట. విన్నవారు తమకే ఏదో తెలియలేదని తల దించుకుంటారు. తప్పు వారిది కాదు. ఒక పౌరునికి రావలసిన సాయం అతడు ఏ బ్రౌజర్ తెరిచాడన్న దానిమీద ఆధారపడటం హక్కులకు సంబంధించిన ప్రశ్న.

సాంకేతికంగా జరిగేదేమిటో కొంత తెలుసుకోవాలి. మనం ఫారంలో ఒక గడి నింపినప్పుడు, జాబితాలో జిల్లాను ఎంచుకున్నప్పుడు, టిక్కు పెట్టినప్పుడు బ్రౌజర్ ఆ పేజీకి లోలోపల ఒక కబురు అందిస్తుంది. మీట నొక్కారు, విలువ మారింది, గడి వదిలి వెళ్లారు, సమర్పించారు అని. దీనినే ఈవెంట్ అంటారు. జిల్లా ఎంచుకోగానే మండలాల జాబితా రావడం, హామీ పత్రం గడిలో టిక్కు పెట్టగానే సమర్పించే బటన్ తెరుచుకోవడం, ఇవన్నీ ఆ కబురు అందితేనే జరుగుతాయి. కబురు ఆలస్యమైతే, అసలు రాకపోతే, పేజీ మూగదైపోతుంది. మనం అన్నీ నింపే ఉంటాం. దాని లెక్కలో మాత్రం ఏమీ నింపలేదు.

ఈ కబుర్లు ఎప్పుడు, ఏ వరుసలో పంపాలన్న విషయంలో బ్రౌజర్ల మధ్య మొదటినుండీ ఏకాభిప్రాయం లేదు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2000లో ఒక ప్రమాణాన్ని వెలువరించింది. మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దానిని పట్టించుకోక తన దారిన తాను నడిచింది. దాని 8వ వెర్షన్ వరకు టిక్కు పెట్టినప్పుడు 'మారింది' అన్న కబురు వెంటనే వెళ్లేది కాదు. పక్కన మరోచోట నొక్కితేనే వెళ్లేది. 9వ వెర్షన్ కొత్త పద్ధతిని చేర్చుకున్నా, అక్షరాలను చెరిపివేసినప్పుడు కబురు పంపేది కాదు. ఆనాటి ప్రభుత్వ వెబ్‌సైట్లు అనేకం ఆ ఒక్క బ్రౌజర్‌కే అతికినట్టు తయారై, పేజీ అడుగున ఆ సంగతి గర్వంగా రాసుకునేవి కూడా! 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ స్వస్తి పలికింది. దానితో పీడ విరగడైందని అనుకుంటే పొరపాటు. చిక్కులు మరో రూపంలో మిగిలే ఉన్నాయి.

ఇప్పుడు మన కుటుంబాలలో అత్యధికుల కంప్యూటర్ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనే. దాని తెర కీబోర్డు మీద టైపు చేసినప్పుడు ఏ మీట నొక్కారో పేజీకి సరిగా తెలియదు; క్రోమ్ చాలా సందర్భాలలో 229 అనే ఒకే సంఖ్యను అందిస్తుంది. మీటలను చూసి తనిఖీ చేసేలా రాసిన ఫారాలు అక్కడ తడబడతాయి. మన పేర్ల విషయంలో ఇది మరీ ఇబ్బంది పెడుతుంది. 'ఎండీ' తరువాత చుక్క, రెండు పదాల మధ్య చిన్న గీత, ఇంటిపేరు లేకపోవడం మన సముదాయంలో సర్వసాధారణం. అక్షరాలు తప్ప మరేదీ రానివ్వని ఫారం కంప్యూటర్ మీద ఆ చుక్కను అక్కడికక్కడే ఆపేస్తుంది. అదే ఫారం ఫోన్‌లో చుక్కను గమనించక రానిస్తుంది. ఫలితంగా ఒకే మనిషి పేరు ఒక దరఖాస్తులో చుక్కతో, మరో దరఖాస్తులో చుక్క లేకుండా నమోదవుతుంది. ఆధార్‌తో పోల్చి చూసినప్పుడు రెంటిలో ఒకటి సరిపోలదు. ఇక 'వివరాలు సరిపోలలేదు' అన్న ఒక్క వాక్యంతో దరఖాస్తు తిరిగి వస్తుంది. చుక్క సంగతి ఎవరూ చెప్పరు.

పుట్టిన తేదీ గడి మరొకటి. తేదీ ఎంచుకునే ప్రత్యేకమైన గడి క్రోమ్‌లో 2012లో వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌లో 2017లో, ఆపిల్ కంప్యూటర్ల సఫారీలో 2021లో గాని రాలేదు. అంతకు మునుపటి వెర్షన్‌లో అదే చోట మామూలు ఖాళీ గడి కనిపిస్తుంది. పైగా తేదీ ఏ వరుసలో చూపాలన్నది బ్రౌజర్ భాషా అమరికను బట్టి ఉంటుంది. అమెరికా ఆంగ్లం అమర్చి ఉన్న క్రోమ్‌లో నెల ముందు, రోజు తరువాత. ఆగస్టు 5న పుట్టిన అమ్మాయి అలవాటు చొప్పున 05, 08 అని టైపు చేస్తే మే 8 అవుతుంది. ఫారం అభ్యంతరం చెప్పదు, ఎందుకంటే అదీ నిజమైన తేదీయే. వయోపరిమితి ఉన్న పథకంలో, పదవ తరగతి మెమోతో పోల్చే చోట ఈ తేడా ఎంత దూరం వెళుతుందో వేరే చెప్పనక్కరలేదు.

వార్షికాదాయం గడి సంగతి ఇంకా విచిత్రం. కర్సర్ ఆ గడిలో ఉండగా కింది గడుల కోసం మౌస్ చక్రం తిప్పితే, కొన్ని బ్రౌజర్లలో పేజీ కదలడానికి బదులు గడిలోని అంకె ఒక్కొక్కటిగా పెరుగుతుంది, లేదా తరుగుతుంది. రాష్ట్రంలో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు పట్టణాలలో 2 లక్షల రూపాయల ఆదాయ పరిమితి ఉంది. 2,00,000 కాస్తా 2,00,003 అయితే ఎవరి కంటా పడదు. నెట్ సెంటర్‌లో పూర్తి చేసిన ఫారాన్ని సమర్పించే ముందు ఆదాయం గడిని మరొక్కసారి చూడమని అందుకే ప్రతి విద్యార్థికీ చెప్పాలి.

వ్యక్తిగత దరఖాస్తు పోతే ఒక ఇంటికి నష్టం. ఉమ్మడి ఆస్తి విషయంలో నష్టం తరాలది. వక్ఫ్ సవరణ చట్టం అనంతరం 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించి, దేశంలోని వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలలలో అందులో నింపాలన్నది. మస్జిద్, దర్గా, ఖబ్రస్తాన్ బాధ్యతలు చూసే ముతవల్లీలు, వీరిలో ఎందరో వృద్ధులు, కంప్యూటర్ ఎదుట కూర్చోవలసి వచ్చింది. పోర్టల్ మొరాయిస్తున్నదని దేశమంతటి నుండి ఫిర్యాదులు వచ్చాయి. గడువు పెంచాలని ముస్లిం పర్సనల్ లా బోర్డు సహా పలువురు సుప్రీంకోర్టుకు వెళ్లారు. డిసెంబరు 1న న్యాయస్థానం అందుకు నిరాకరించి, ఇబ్బంది ఉన్నవారు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చని చెప్పింది. గడువు ముగిసేనాటికి పోర్టల్‌లో మొదలుపెట్టిన నమోదులు సుమారు 5 లక్షల 17 వేలు. ఆమోదం పొందినవి 2 లక్షల 16 వేల పైచిలుకు. ఈ వ్యత్యాసానికంతటికీ బ్రౌజర్లే కారణమని అనలేము. పాత దస్తావేజులు, కొలతలు, మూడంచెల పరిశీలన, అన్నీ కారణాలే. కానీ ట్రిబ్యునల్ ముందు నిలబడి 'బటన్ నొక్కినా పోలేదు' అని రుజువు చేయవలసిన భారం ముతవల్లీ మీద పడింది. పోర్టల్ సరిగా పనిచేసిందని రుజువు చేయవలసిన భారం ఎవరి మీదా లేదు. నా అభ్యంతరం అక్కడ.

'అందరూ క్రోమ్ వాడితే సరిపోతుంది కదా' అనేవారున్నారు. ఆ సలహా నెట్ సెంటర్ యజమాని ఇస్తే అర్థముంది, ప్రభుత్వం ఇస్తే లేదు. మూడేళ్లనాటి ఫోన్‌లోని క్రోమ్, నిన్న కొన్న లాప్‌టాప్‌లోని క్రోమ్ ఒకే తీరుగా ప్రవర్తించవని పైన చూశాము. పైగా ఒక ప్రైవేటు కంపెనీ సరుకు వాడితేనే సర్కారు గుమ్మం తెరుచుకుంటుందనడం ఏ రకంగా సమంజసం? ప్రభుత్వ వెబ్‌సైట్లను వివిధ బ్రౌజర్లలో పరీక్షించాలని 2009లో మొదలై, 2018లోను 2023లోను సవరించబడిన కేంద్ర మార్గదర్శక సూత్రాలు ఉండనే ఉన్నాయి. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోగలగడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని తేల్చింది. ఆ కేసు ఆసిడ్ దాడి బాధితులు, అంధులకు సంబంధించినది. అందులోని సూత్రం పాతబస్తీలో పాత ఫోన్ పట్టుకున్న వితంతువుకు వర్తించదని ఎవరనగలరు?

దీనికి వైద్యం తెలియనిదేమీ కాదు. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా వంటి పోటీదారులే 2022 నుండి ఏటా కూర్చొని తమ బ్రౌజర్ల మధ్య తేడాలు తగ్గించుకుంటున్నారు. మొదటి ఏడాది జాబితాలో ఫారాలు కూడా ఉన్నాయి. ఫారం తయారుచేసేవారు మీట నొక్కిన కబురును నమ్ముకోకుండా గడిలోని తుది విలువను చూడాలి, సర్వర్ దగ్గర మళ్లీ తనిఖీ చేయాలి, తప్పు ఏ గడిలో ఉందో తెలుగులోను ఉర్దూలోను చెప్పాలి, సగం నింపిన ఫారాన్ని భద్రపరచాలి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. హైటెక్ సిటీలో ఇదే పని విదేశీ బ్యాంకులకు చేసిపెట్టే మన యువతీయువకులు వేలల్లో ఉన్నారు. వారు ఒక్కో శుక్రవారం ఒక్కో గంట మస్జిద్ కమిటీ సహాయ కేంద్రానికి ఇచ్చినా చాలు.

ఫిర్యాదు చేసేటప్పుడు 'సైట్ పనిచేయలేదు' అని రాస్తే ఎవరూ చదవరు. తెర ఫోటో, తేదీ, సమయం, బ్రౌజర్ పేరు, దాని వెర్షన్, ఏ గడి దగ్గర ఆగిందన్నది, ఈ వివరాలతో రాసిన ఫిర్యాదుకే బలముంటుంది. రేపు ట్రిబ్యునల్ ముందు పనికివచ్చేదీ అదే. ఇక ప్రతి పోర్టల్ గురించి సంబంధిత శాఖను సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగదగిన ప్రశ్నలు మూడున్నాయి. ఈ ఫారాన్ని ఏ ఏ బ్రౌజర్లలో, ఏ ఏ ఫోన్లలో పరీక్షించారు? ఆ పరీక్షా నివేదిక ప్రతి ఇవ్వగలరా? మొదలుపెట్టి సమర్పించలేకపోయిన దరఖాస్తులు ఎన్ని? దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ 10 రూపాయలు కూడా అవసరం లేదు.