జుట్టు కోసం బీపీ మాత్రా? ఒక్క క్షణం ఆగండి!

బట్టతలపై జుట్టు మొలిపిస్తామన్న ప్రచారం నమ్మి 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ఉప్పల్‌ దగ్గర వందల మంది బారులు తీరారు. ఇప్పుడు అంతదూరం వెళ్లక్కర్లేదు. పెన్‌పహాడ్‌లో ఉన్నా ఫోన్‌లో ఆర్డరు పెడితే మినాక్సిడిల్‌ సీసా ఇంటికే వస్తుంది. కొందరైతే పూతమందు జిడ్డని విసుక్కుని, అదే మందును మాత్రగా మింగేస్తున్నారు. చిక్కంతా ఇక్కడే.

మినాక్సిడిల్‌ నిజానికి రక్తనాళాలను వెడల్పు చేసే మందు. ఏ మందుకూ లొంగని అధిక రక్తపోటు కోసం 1979లో అమెరికాలో దీని మాత్రకు అనుమతి లభించింది. వాడినవారికి ఒళ్లంతా వెంట్రుకలు పెరగటం చూసి పూతమందుగా మలిచారు. దీనికి 1988లో అనుమతి దక్కింది. ఇది కుదుళ్లకు రక్త ప్రసరణ పెంచటంతో పాటు వెంట్రుక పెరిగే దశను పొడిగిస్తుంది.

మరి మాత్ర మేలా? బ్రెజిల్‌లో 90 మంది మగవారిపై చేసి, 2024లో వెలువరించిన అధ్యయనంలో రోజుకు 5 మి.గ్రా. మాత్ర 5 శాతం పూతమందు కన్నా మెరుగని తేలలేదు. పైగా మాత్ర వేసుకున్నవారిలో దాదాపు సగం మందికి ఒంటి మీద అనవసర రోమాలు పెరిగాయి. జుట్టు కోసం ఇచ్చే మోతాదు తక్కువే అయినా కాళ్ల వాపు, గుండెదడ, తల తిరగటం వంటివి తలెత్తొచ్చు. గుండెజబ్బు ఉన్నవారికి, ఇప్పటికే బీపీ మందులు వాడేవారికి మరింత జాగ్రత్త అవసరం. డాక్టర్లు కొందరికి ఈ మాత్ర సిఫారసు చేస్తున్న మాట నిజమే. అయితే అది బీపీ, గుండె పరిస్థితి చూశాకే.

పూతమందు వాడుతుంటే ఇవి గుర్తుంచుకోండి:

* మొదటి కొన్ని వారాల్లో జుట్టు ఇంకాస్త రాలొచ్చు. భయపడి మానెయ్యొద్దు.
* ఫలితం తెలియటానికి కనీసం నాలుగు నెలలు పడుతుంది. మానేస్తే కొన్ని నెలల్లో వచ్చిన జుట్టూ పోతుంది.
* రాసుకున్నాక చేతులు కడుక్కోండి. మందు పూసిన చోటు పసిపిల్లలకు తగలకుండా చూసుకోండి. ఐరోపాలో ఇలా మందు అంటుకుని శిశువులకు ఒళ్లంతా రోమాలు పెరిగాయి.
* గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడొద్దు.

అన్నింటికన్నా ముందు జుట్టు ఎందుకు రాలుతోందో తెలుసుకోండి. రక్తహీనత, థైరాయిడ్‌ సమస్యలతోనూ, తీవ్ర జ్వరం లేదా కాన్పు తర్వాతా రాలొచ్చు. అప్పుడు అసలు కారణాన్ని సరిచేయాలి. సూర్యాపేటలోనో, మిర్యాలగూడలోనో చర్మ వైద్యులను ఒకసారి కలిస్తే ఏళ్ల తరబడి సీసాలు కొనే ఖర్చు తప్పొచ్చు.