తాబేటికి రవిక కొక్కెములు

చినిగిన రవికను పారవేయునపుడు కొక్కెములను విప్పి డబ్బీలో దాచుకొనుట మన పెద్దల పొదుపు. ఆ కొక్కెములు ఒక ప్రాణము నిలుపగలవని మేమనిన నవ్వుదురేమో! 2019వ సంవత్సరమున అమెరికాలోని నార్తు కెరొలీనా రాష్ట్రమందు ఒక వన్యప్రాణి సంరక్షణశాలవారు, పాత లోరవికల కొక్కెములను పంపవలసినదిగా స్త్రీలను వేడిరి. రోడ్డు దాటుచు మోటారు చక్రముల క్రింద పడి చిప్ప పగిలిన తాబేళ్లు వారికడకు వచ్చుచుండెను. స్త్రీలు కొక్కెములను టపాలో పంపిరి.

చిప్పయనగా తాబేలు తలదాచుకొను గూడు మాత్రమేయని పలువురు తలంతురు. అట్లు కాదు. వెన్నెముకయు ప్రక్కటెముకలును దానితో కలిసిపోయి యున్నవి. అది జీవముగల యెముక. తాకిన తెలియును, పగిలిన రక్తము కారును, నొప్పి కలుగును. ఊపిరితిత్తులు పైచిప్పకు క్రిందనే యుండుటచే పగులు లోతైనచో వానికిని ముప్పే.

వైద్యులు మొదట గాయమును కడిగి, మట్టియు నలుసులును తీసి, మందులిత్తురు. పిదప పగులునకు ఇరువైపుల కొక్కెములను జిగురుతో నంటించి, వానిని సన్నని తీగతో ముడివేసి, రవిక బిగించినట్లే మెల్లమెల్లగా చేరువకు లాగుదురు. జిగురు పగులులోనికి పోరాదు. ఎముక యతుకుకొనిన తరువాత కొక్కెములను ఊడదీయుదురు. తాబేటి దేహమున సర్వమును నెమ్మదియే. నెలలు పట్టును, ఒక్కొక్కప్పుడు సంవత్సరము దాటును.

మాకు మిక్కిలి నచ్చినది ఈ పనితనము కాదు, తరువాతి పని. అచటి పెట్టె తాబేలు కొద్దిపాటి మేర దాటకయే యేబది యేండ్లకు పైగా బ్రతుకగలదు. అన్యస్థలమున విడిచినచో తన చోటు వెదకుచు మరల రోడ్డెక్కును. కావున గాయపడిన తాబేటిని తెచ్చినవారిని "ఎచ్చట దొరకినది?" అని యడిగి వ్రాసికొనవలెను. మానిన పిదప అచ్చటనే విడువవలెను.

మన యూళ్లలోను వానలు కురియగనే చెరువు తాబేళ్లు బాటకెక్కును. మన సామాన్యపు చెరువు తాబేటి చిప్పపై తోలు కప్పియుండును గనుక కొక్కెముల వైద్యము దానికి పొసగదు. చికిత్సను పశువైద్యులే నిర్ణయింపవలెను. గృహిణి చేయదగినది స్వల్పము. శుభ్రమైన గుడ్డ పరచిన, గాలియాడు పెట్టెలో దానిని సందడిలేని చోట నుంచవలెను. నీటిప్రాణి గదా యని తొట్టిలో వేయరాదు; పచ్చిగాయమునకు ఆ నీరే చేటు. పసుపు, సున్నము పూయరాదు. పాలన్నము పెట్టరాదు. ముట్టినవారు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. అటవీశాఖవారికి నాడే యప్పగించి, దొరకిన చోటును తప్పక తెలుపవలెను.

పిల్లలు ఊరకుందురా? "మన నూతిలో పెంచుకొందమమ్మా!" యని యేడ్తురు. తాబేలున్న నూయి శుభ్రముగా నుండునని అత్తగారును వంతపాడుదురు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము దాని నింట నుంచుకొన నీయదని అత్తగారికి చెప్పవచ్చును. పిల్లలకు చట్టముతో పనిలేదు. దాని చెరువు ఏదియో చూపి, అది అచ్చటికే పోవలసియున్నదని చెప్పుడు. అధికారులు సమ్మతించినచో విడుచునాడు వెంటగొనిపొండు.

గాయము లేని తాబేలు బాట దాటుచున్నయెడల పెట్టెయు వలదు, అధికారియు వలదు. అది పోవుచున్న దిక్కుననే ఆవలి ప్రక్కకు చేర్చిన చాలును. మొగమువైపు మాత్రము చేయి పెట్టకుడు, గట్టిగా కరచును.