దంతవైద్యశాలలోనూ సీపీఆర్ తెలియాలి

సంపాదకులకు,

దంతవైద్యశాలలో ఎవరైనా కుప్పకూలితే 108 అంబులెన్సుకు ఫోన్ చేస్తే చాలన్న ఓ పాఠకుడి లేఖతో ఏకీభవించలేను. గుండె ఆగాక సీపీఆర్ (ఛాతీని నొక్కి ప్రాణం నిలిపే ప్రథమ చికిత్స) అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. హనుమకొండ చౌరస్తా రద్దీ దాటి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోవచ్చు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో దంతచికిత్సకు వెళ్లిన ఓ యువకుడు మరణించాడు. కారణం ఏదైనా, ఆ కుటుంబ శోకం మనందరికీ హెచ్చరిక కావాలి.

రోగి ఉన్న కుర్చీని పూర్తిగా వాల్చి, దాని వీపు భాగం కింద స్టూలు ఆనించి, నిమిషానికి 100–120 సార్లు ఛాతీని నొక్కడం డాక్టరుకే కాదు, సహాయకులకూ రావాలి. ఆక్సిజన్, అడ్రినలిన్, ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే పరికరం) చేతికందేలా ఉండాలి. కాకతీయ వైద్య కళాశాల చొరవ తీసుకుని నగరంలోని దంతవైద్యులకు ఏటా శిక్షణ ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, హనుమకొండ