పబ్లిక్ గార్డెన్స్‌కు టికెట్టా?



నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో కుళాయిలు, మరుగుదొడ్లు పెంచితే నిజాం కాలపు అందం చెడుతుందనీ, గేటు దగ్గర టికెట్ పెడితే గానీ జనం అదుపులో ఉండరనీ గతవారం ఈ పత్రికలో పాఠకులొకరు రాశారు. అందం సంగతి సరే. ఆ తోట ఏనాడు ఒట్టి చెట్లూ పూలమొక్కలతో ఉంది గనక? 1913లో ఇక్కడ పూర్తయిన టౌన్‌హాలే తర్వాత శాసనసభ అయింది. జూబిలీ హాలు, మ్యూజియం, మసీదు, బాలభవన్ అన్నీ ఆ ఆవరణలోనివే. 1963లో బహదూర్‌పురాకు తరలేదాకా జంతువులు కూడా ఇక్కడే ఉండేవి. అంత సందడి మోసిన తోటను నాలుగు కుళాయిలు పాడుచేస్తాయా?

పొద్దున వచ్చే వాకర్లకు ఇల్లు దగ్గరే. మధ్యాహ్నం చూడండి. నిలోఫర్ ఆసుపత్రిలో బిడ్డను చేర్చిన పల్లెటూరి తల్లి చెట్టుకింద టిఫిన్ డబ్బా విప్పి, సీసాలో అడుగున మిగిలిన నీళ్లు పొదుపుగా చేతిమీద ఒంపుకుంటుంది. ఆమెనా టికెట్ అడిగేది? మరుగుదొడ్డి కంపు కొడితే కడిగే మనిషిని పెట్టాలి గానీ, అసలు వద్దనడం ఏం న్యాయం? పాత కట్టడాలకు అడ్డు రాకుండా ప్రహరీ వారగా కడితే సరి. ఆడవాళ్ల వైపు లైటు మాత్రం మరవొద్దు.

– ఒక పాఠకురాలు, రెడ్‌హిల్స్, హైదరాబాద్