దావీదు పరామర్శించని రోగి

దావీదు రాజు కుటుంబంలో ఒక దొంగ రోగి, ఒక నిజమైన రోగి ఉన్నారు. రాజు దొంగ రోగిని చూడడానికి స్వయంగా వెళ్లాడు. నిజమైన రోగిని చూడడానికి వెళ్లినట్టు బైబిల్‌లో ఎక్కడా లేదు.

ఆదివారం ప్రసంగాల్లో అరుదుగా వినబడే అధ్యాయం ఇది (2 సమూ. 13). దావీదు కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారు మీద కన్నేశాడు. కపటి అయిన ఒక స్నేహితుడి సలహాతో జబ్బు నటించి మంచమెక్కాడు. పరామర్శకు వచ్చిన తండ్రితో, చెల్లెలు వచ్చి నా కళ్లముందే అప్పాలు చేసి పెడితే తింటానన్నాడు. రాజు కబురు పంపితే ఆమె వచ్చి పిండి పిసికి అప్పాలు కాల్చింది. సేవ చేయడానికి వచ్చిన ఆ చెల్లెల్ని అతడు బలాత్కరించాడు. ఆ వెంటనే ఆమెను అసహ్యించుకుని బయటికి గెంటించి, తలుపు గడియ వేయించాడు.

తామారు నోరులేని పిల్ల కాదు. వద్దని వాదించింది. ఇలాంటి దుర్మార్గం ఇశ్రాయేలులో జరగకూడదని అతని ముఖం మీదే చెప్పింది. బయటికి వచ్చాక తలమీద బూడిద పోసుకుని, రాజకుమార్తెలు కట్టుకునే రంగురంగుల చీర చింపుకుని, బిగ్గరగా ఏడుస్తూ నడిచింది. ఆమె నోరు మూయించింది సొంత అన్న అబ్షాలోము. వాడు నీ అన్నే కదా, ఊరుకో, మనసులో పెట్టుకోకు అన్నాడు. సంగతి విన్న దావీదుకు చాలా కోపం వచ్చింది, అంతే! బత్షెబ విషయంలో తాను చేసిన పని కళ్లముందు ఉండగా కొడుకును ఏ ముఖంతో నిలదీస్తాడు? తామారు మాత్రం పాడైపోయిన జీవితంతో అన్న ఇంట్లో ఉండిపోయింది.

‘ఉండిపోయింది’ అని సరిపెట్టుకున్న ఆ ఒక్క మాట వెనుక ఎన్ని నిద్రలేని రాత్రులున్నాయో! ఈనాడు మన ఆసుపత్రుల ఔట్‌పేషెంట్ వరుసల్లో తామారులు చాలామంది కూర్చుని ఉంటారు. తలనొప్పి, కడుపునొప్పి, గుండెదడ, నడుంనొప్పి, నిద్ర పట్టకపోవడం, తిన్నది ఒంట పట్టకపోవడం అని చెబుతారు. పరీక్షల్లో ఏమీ తేలదు. నరాల బలహీనత అని బలం మాత్రలు రాసి పంపేస్తారు. చెయ్యి విరిగినావిడ బాత్రూములో జారి పడ్డానంటుంది. పక్కనే భర్త నిలబడి ఉంటే ఇంకేం చెబుతుంది?

ఇది ఊహ కాదు. భర్త లేదా సహచరుడి హింసను అనుభవించిన స్త్రీలలో 42 శాతం మందికి దానివల్ల శారీరక గాయాలయ్యాయని, వారు డిప్రెషన్ బారిన పడే అవకాశం దాదాపు రెట్టింపని, వారికి తక్కువ బరువుతో బిడ్డ పుట్టే అవకాశం 16 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నివేదికలో తేల్చింది. అంటే దెబ్బ తల్లి ఒంటిమీద పడితే దాని గుర్తు పుట్టబోయే బిడ్డ బరువులోనూ కనిపిస్తోంది. గర్భిణి కడుపుమీద తన్నితే మాయ విడిపోయి రక్తస్రావమై తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణం మీదికి రావచ్చు. పైకి కనిపించే గాయం మానుతుంది. కానీ గేటు చప్పుడైతే చాలు వణికిపోయే దేహం ఏళ్ల తరబడి అలాగే వణుకుతుంది.

మన ఇళ్ల సంగతి చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న వివాహితల్లో తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం భర్త చేతిలో హింసకు గురైనవారే. ఏదో ఒక కారణానికి భార్యను కొట్టడం సబబేనన్న స్త్రీలు రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 83 మందికి పైగా ఉన్నారు! దేశం మొత్తం మీద హింస అనుభవించిన స్త్రీలలో 77 శాతం మంది సాయం కోరలేదు, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోనూ లేదు. అబ్షాలోము ‘ఊరుకో’ అన్న మాట ఇంటింటా బాగానే వంటబట్టింది.

చర్చిలో కూడా ఆ మాటే వినిపించడం అన్నిటికన్నా బాధాకరం. ఏడుస్తూ వచ్చిన చెల్లెలికి ‘లోబడి ఉండు, ఉపవాస ప్రార్థన చెయ్యి, ప్రభువు ఆయన్ని మారుస్తాడు’ అని చెప్పి పంపేస్తారు. దిగులుతో మాట పడిపోయిన ఆమెకు దయ్యం పట్టిందని విడుదల కూటానికి తీసుకుపోయేవారూ ఉన్నారు. భార్యలు లోబడాలన్న వచనం అందరికీ కంఠస్థమే. భర్త తన సొంత శరీరాన్ని పోషించుకున్నట్టే భార్యను ప్రేమించి సంరక్షించాలన్న మాట అదే అధ్యాయంలో ఉంది (ఎఫెసీ 5:28, 29). భార్యను సన్మానించని భర్త ప్రార్థనలకు అడ్డం వస్తుందని పేతురు రాశాడు (1 పేతురు 3:7). రాత్రి భార్యను కొట్టి ఉదయం ఆరాధనలో చేతులెత్తేవాడికి ఈ వచనం ఎవరు చదివి వినిపిస్తున్నారు?

యేసుప్రభువు తీరు వేరు. పన్నెండేళ్ల రక్తస్రావంతో బాధపడి, వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా పోగొట్టుకున్న స్త్రీ చాటుగా ఆయన వస్త్రాన్ని ముట్టింది. అప్పటికే ఆమె స్వస్థత పొందింది కూడా. అయినా ఆయన ఆగాడు. యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉన్నా, జనం తోసుకుంటున్నా ఆగి, ఆమె తన సంగతంతా చెప్పేదాకా విన్నాడు. కుమారీ అని పిలిచాడు (మార్కు 5:25-34). ఊరుకో అనలేదు.

ఆడవాళ్ల వైద్యానికి తెలుగునాట తలుపులు తెరిచినవారిలో క్రైస్తవులున్నారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల కోసం అక్కడ ఆసుపత్రి కట్టించింది. అలాంటి వారసత్వం ఉన్న సంఘానికి, నీకు దెబ్బ ఎలా తగిలిందమ్మా అని భర్త లేనిచోట అడగడం భారమా? కాపరి భార్య అడగవచ్చు, స్త్రీల కూటం పెద్ద అడగవచ్చు. 2006లో అమలులోకి వచ్చిన గృహహింస చట్టం ప్రకారం బాధితురాలు కోరితే ఆసుపత్రి వైద్యం చేయాలి. అత్యాచార బాధితులకు ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని చట్టం చెబుతోంది. 181కి ఫోన్ చేస్తే మహిళలకు సాయం అందుతుంది. సఖి కేంద్రాల్లో వైద్యం, న్యాయ సలహా, తాత్కాలిక ఆశ్రయం అన్నీ ఒకేచోట చూస్తారు. ఈ వివరాలు చర్చి నోటీసు బోర్డు మీద, కూటాల ప్రకటనల పక్కనే రాసి పెట్టవచ్చు. ఆమె ఒంటరిగా వెళ్లలేనంటే సంఘంలోని ఒక పెద్దావిడ తోడు వెళ్లాలి. ఆ రాత్రి ఇంటికి తిరిగి వెళ్లడం ప్రమాదమైతే, ఏ విశ్వాసి ఇంట్లో పడక వేస్తారో ముందే మాట్లాడుకుని ఉంచుకోవాలి.